గైడు వెంట ఒక పగలు

పెరూ వెళ్లే యాత్రికుల్లో చాలామంది మాచు పిచ్చు కోసమే వెళ్తారు. కుస్కోలో దిగి, ఆ ఎత్తుకి ఒళ్లు అలవాటుపడేదాకా రెండు మూడు రోజులు ఆగుతారు. ఆగిన రోజుల్లో ఒక పూటను ‘దక్షిణ లోయ’కు ఇస్తారు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం దాటాక తిరిగి ఊళ్లో ఉంటారు. టిపోన్, పికియాక్త, ఆందావైలీయాస్, వీలైతే హువారో. రెండు పురాతన శిథిలాలు, స్పెయిన్ ఏలుబడిలో కట్టిన రెండు చర్చిలు. అన్నీ కుస్కోకి ఆగ్నేయంగా, ఒకే రోడ్డు వెంట, 50 కిలోమీటర్ల లోపే ఉన్నాయి.

ఇంత చిన్న ప్రయాణానికి వ్యక్తిత్వ వికాస పుస్తకంలో ఒక అధ్యాయం కేటాయించడానికి కారణం ఉంది. గైడుతో చేసే ఒకరోజు యాత్రలో మనిషి చేతిలో ఉండేది చాలా తక్కువ. బస్సు ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, భోజనం ఎక్కడ, అన్నీ ఇంకొకరు నిర్ణయిస్తారు. ఆఫీసులోనూ ఆసుపత్రిలోనూ పిల్లల బడిలోనూ గడిచే రోజులు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. కాలం తన చేతిలో లేనప్పుడు మనిషికి మిగిలేది ధ్యాస. దాన్ని ఎక్కడ నిలపాలో తెలిసినవాళ్లు నలభై నిమిషాల మజిలీలో కూడా ఎంతో తెచ్చుకుంటారు. తెలియనివాళ్లు రెండొందల ఫోటోలతో తిరిగొచ్చి, వారం గడిచేసరికి ఏ ఫోటో ఏ ఊరిదో చెప్పలేకపోతారు.

ధ్యాస నిలపడానికి ఒక సులువైన సాధన ఉంది. బస్సెక్కే ముందే ఒక ప్రశ్న ఎంచుకుని, రోజంతా ప్రతి చోటా అదే అడగడం. దక్షిణ లోయకి సరిపోయే ప్రశ్న ఇది: ఇది ఎవరి కోసం కట్టారు, ఎలా పనిచేసింది? ‘ఎప్పుడు కట్టారు, ఎంత ఎత్తు, ఎన్ని రాళ్లు’ అనేవాటికి జవాబు బోర్డు మీదే ఉంటుంది. ‘ఎలా పనిచేసింది’ అని అడిగితే మాత్రం కళ్లు రాళ్ల వెంట నడవక తప్పదు.

ఆ ప్రశ్న ఎంత దూరం తీసుకెళ్తుందో టిపోన్‌లో కనిపిస్తుంది. కుస్కోకి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్లకు పైనున్న కొండ ఒడిలో, ఇన్కాలు చక్కగా చెక్కిన రాతిగోడలతో పదమూడు మెట్ల పొలాలు కట్టారు. వాటి తలాపున ఒక ఊట ఉంది. ఆ నీరు రాతి కాలువల్లోంచి మెట్టు మెట్టూ దిగుతూ ఇప్పటికీ పారుతోంది. చూసినవాళ్లంతా ‘ఎంత బాగుంది’ అనుకుని ఫోటో తీసుకునే చోటు ఇది. కెన్నెత్ రైట్ అనే అమెరికన్ నీటిపారుదల ఇంజినీరు అక్కడితో ఆగలేదు. అంతకుముందే మాచు పిచ్చు నీటి వ్యవస్థను కొలిచి చూసిన మనిషి ఆయన. టిపోన్‌లో కూడా ఊట ఎంత ఇస్తోంది, కాలువ వాలు ఎంత, ఎక్కడ నీటిని చీల్చారు, ఎందుకు చీల్చారు అని లెక్క కట్టాడు. భార్య రూత్ రైట్, పురావస్తు శాస్త్రవేత్త గోర్డన్ మెక్‌ఈవన్‌లతో కలిసి 2006లో టిపోన్ నీటి వ్యవస్థ మీద పుస్తకం వెలువరించాడు. అమెరికన్ సివిల్ ఇంజినీర్ల సంఘం టిపోన్‌ను చారిత్రక ఇంజినీరింగ్ కట్టడంగా గుర్తించింది.

రైట్ చూసింది చూడటానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. ఊట దగ్గర మొదలుపెట్టి నీటి వెంట కిందికి నడిస్తే చాలు. పై పొలం నుంచి కింది పొలానికి నీరు గోడలోనే మలిచిన నిలువు గాడిలో జారుతుంది. దానివల్ల గట్టు కోసుకుపోదు, మట్టి కొట్టుకుపోదు. ఒక చోట ప్రవాహాన్ని చీల్చి నాలుగు ధారలుగా దూకించారు. గోడల్లోంచి ముందుకు పొడుచుకొచ్చిన పలకరాళ్లు ఉంటాయి. అవి మెట్లు. వాటి మీద కాలుపెట్టి ఒక పొలం నుంచి ఇంకో పొలంలోకి ఎక్కవచ్చు, సాగు నేల ఒక్క జానెడు కూడా మెట్ల కింద పోదు. చేనుకి మడవ మార్చి నీళ్లు పారగట్టిన కుటుంబాల్లో పుట్టిన తెలుగువాళ్లకి ఇది గైడు చెప్పకముందే అర్థమవుతుంది. నీటిని ఆపడం కంటే సమంగా పంచడం కష్టమని వాళ్లకి తెలుసు.

చాలా బృందాలు కింద నిలబడి ధారల ముందు ఫోటో దిగి వెనుదిరుగుతాయి. గైడు ఇచ్చిన సమయంలో సగాన్ని పైకి ఎక్కడానికి, ఊట దగ్గర నిలబడటానికి వాడుకోవడం మేలు. నెమ్మదిగా ఎక్కాలి. గాలి పలచన కాబట్టి నాలుగు అడుగులకే ఆయాసం వస్తుంది. అది వయసు తప్పో ఒంటి తప్పో అనుకుని బెంబేలు పడనక్కర్లేదు.

ఒంటి గురించి ఇక్కడే రెండు మాటలు. కుస్కో సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రమట్టంలో ఉన్న లిమా నుంచి విమానంలో గంటన్నరలో అక్కడ దిగితే తలనొప్పి, వికారం, నిద్రలేమి మామూలే. దిగిన రోజు ఏ టూరూ పెట్టుకోకుండా పడుకోవాలి, నీళ్లు బాగా తాగాలి, మద్యం ముట్టకూడదు. ఎత్తుకి వాడే మాత్రలు డాక్టరును అడిగాకే వాడాలి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. హోటళ్లలో ఇచ్చే కోకా ఆకుల టీ అక్కడ మామూలు పానీయమే. ఆ ఆకుల్ని మాత్రం పెట్టెలో పెట్టుకుని ఇంటికి తెస్తే నేరం అవుతుంది. టీ తాగినా కొన్ని రకాల మాదకద్రవ్య పరీక్షల్లో పాజిటివ్ రావచ్చు కాబట్టి ఉద్యోగంలో అలాంటి పరీక్షలు ఉన్నవాళ్లు మానుకోవడమే మంచిది. ఎండ చల్లగా అనిపిస్తూనే చర్మాన్ని కాలుస్తుంది, టోపీ తప్పనిసరి. మే నుంచి సెప్టెంబరు దాకా వానలు తక్కువ. డిసెంబరు నుంచి మార్చి దాకా రోజూ తడవడానికి సిద్ధపడి వెళ్లాలి. దక్షిణ లోయలో ముందుకు వెళ్లే కొద్దీ రోడ్డు కిందికి దిగుతుంది, ఆందావైలీయాస్ చేరేసరికి ఊపిరి తేలికవుతుంది. అందుకే కుస్కో చేరిన రెండో రోజుకి ఈ ప్రయాణం సరిపోతుంది.

టిపోన్ తర్వాత వచ్చే పికియాక్త చాలామందిని నిరాశపరుస్తుంది. నీళ్లు లేవు, పచ్చదనం లేదు, ఇన్కాల నునుపైన రాతిపని లేదు. మట్టితో పేర్చిన మొరటు రాతిగోడలు, వాటి మధ్య నిటారుగా సాగిపోయే సన్నని వీధులు. బస్సులో ఎవరో ఒకరు ‘ఇక్కడ చూడటానికేముంది’ అనే చోటు ఇదే. అందుకే ఇక్కడ ప్రశ్నని గట్టిగా పట్టుకోవాలి.

ఈ ఊరిని కట్టింది ఇన్కాలు కారు. వాళ్లకంటే కొన్ని శతాబ్దాల ముందు, ఇప్పటి అయకూచో ప్రాంతం కేంద్రంగా పెరిగిన హువారీ రాజ్యం కట్టింది. క్రీస్తుశకం 6వ శతాబ్దం తర్వాత మొదలై, 1100 నాటికి ఊరు ఖాళీ అయిపోయింది. కొండ వాలు ఎటు ఉన్నా లెక్కచేయకుండా చదరంగపు గళ్లలాగా నేలని విభజించి కట్టారు. కొన్ని గోడలు 12 మీటర్ల ఎత్తు దాకా లేచేవి, రెండు మూడు అంతస్తులుండేవి. ఇప్పుడు మట్టిరంగులో కనిపించే ఆ గోడలకి అప్పట్లో తెల్లటి జిప్సం పూత ఉండేది. లోయలోకి వచ్చే బాటసారికి ఎండలో తెల్లగా మెరిసే ఊరు దూరం నుంచే కనిపించి ఉంటుంది. తెలుపు పోయాక మిగిలినదాన్ని చూసి ఊరిని అంచనా వేయకూడదు.

ఈ ఊళ్లో ఒక వైపు దాదాపు 500 చిన్న గదులు ఒకే కొలతతో వరసలుగా ఉన్నాయి. చూడగానే ఎవరికైనా ధాన్యపు గిడ్డంగులు అనిపిస్తుంది. పరిశోధకులు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. గోర్డన్ మెక్‌ఈవన్ ఆ గదుల్ని తవ్వి చూసినప్పుడు పొయ్యిలు, వంట తాలూకు మిగులు బయటపడ్డాయి. మనుషులు ఉన్న గదులవి. ఎవరుండేవారు, ఎందుకు ఒకేలాంటి గదుల్లో ఉండేవారు అన్న చర్చ ఇంకా తెగలేదు. పైనుంచి చూసి ఏర్పరచుకున్న అభిప్రాయాన్ని నేల తవ్వి సరిదిద్దుకోవడానికి పికియాక్త ఒక పాఠం. ఊరు వదిలివెళ్లేటప్పుడు కొన్ని ద్వారాల్ని రాళ్లతో మూసేసి వెళ్లారు. మూసిన ద్వారాన్ని చూపించమని గైడుని అడగాలి. మళ్లీ వస్తామనుకున్నారా, ఇంకెవరూ రాకూడదనుకున్నారా అన్నది ఎవరికి వాళ్లు ఆలోచించుకోవాల్సిన విషయం.

అక్కడి నుంచి కొద్ది దూరంలో రోడ్డు పక్కనే రుమికోల్కా ద్వారం ఉంది. టూరు బస్సు ఆగకపోవచ్చు. కిటికీలోంచి కనిపించే అర నిమిషం చాలు. హువారీలు కట్టిన మొరటు రాతి కట్టడానికి తర్వాత వచ్చిన ఇన్కాలు తమ నునుపు రాళ్లు తొడిగారు. రెండు రాజ్యాల చేతిపని ఒకే గోడలో పక్కపక్కన కనిపిస్తుంది. ఆ దగ్గర్లోని క్వారీ నుంచే కుస్కో కట్టడాలకి ఆండెసైట్ రాయి వెళ్లింది. ఇన్కాలు శూన్యంలోంచి పుట్టుకొచ్చినవాళ్లు కారని, ముందువాళ్ల రోడ్లూ కాలువలూ అందుకుని పైకి వెళ్లారని ఈ ఒక్క గోడ చెబుతుంది.

గైడు సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కుస్కోలో గైడులు చదువుకుని, లైసెన్సు తీసుకుని పనిచేసేవాళ్లు. చాలామందికి ఇంట్లో కెచువా భాష ఉంటుంది. వాళ్లు చూపించే గోడలు వాళ్ల పూర్వీకులవి. ‘ఇంత పెద్ద రాళ్లు మనుషులే మోశారంటే నమ్మశక్యంగా లేదు, వేరే గ్రహాల వాళ్లు వచ్చారేమో’ అన్న మాట వాళ్లు వారానికి ఎన్నిసార్లు వింటారో. ఆ మాట అన్నవాళ్లకి అందులో తప్పేమీ తోచదు. విన్నవాళ్లకి మాత్రం తమ తాతముత్తాతల చేతుల్ని ఎవరో లాక్కున్నట్టు ఉంటుంది. దానికి బదులు ‘మీ ఊళ్లో పొలానికి నీళ్లు ఇప్పుడు ఎలా పంచుకుంటారు?’ అని అడిగితే గైడు కంఠస్థం చేసిన పాఠం పక్కనపెట్టి సొంత మాటల్లోకి వస్తాడు. అసలు యాత్ర అక్కడ మొదలవుతుంది. గుంపులో ముందు నడవడం, ఒక్కో మజిలీలో ఒక్క ప్రశ్నే అడగడం, ఇంకొకరు అడుగుతున్నప్పుడు ఆగి వినడం, రోజు చివర పేరు పెట్టి పిలిచి కృతజ్ఞత చెప్పి టిప్పు ఇవ్వడం. ఇవి చిన్న మర్యాదలే, కానీ వీటితో గైడు చెప్పే కథ మారిపోతుంది.

భోజనం దగ్గర శాకాహారులకి కొంచెం ముందుచూపు కావాలి. టిపోన్ ఊరు ‘కుయ్’ వంటకానికి పేరుపడింది. కుయ్ అంటే గినీపిగ్‌ని పొయ్యిలో కాల్చి వడ్డించేది. ఆండీస్‌లో వేల ఏళ్లుగా పెంచుతున్న జీవి అది, పండగ భోజనం. కుస్కో కేథడ్రల్‌లో 18వ శతాబ్దపు చిత్రకారుడు మార్కోస్ సపాతా గీసిన క్రీస్తు చివరి విందులో బల్ల మధ్యన పళ్లెంలో కుయ్ ఉంటుంది. తినకపోయినా, దాన్ని చూసి మొహం చిట్లించకుండా ఉండటం అతిథి మర్యాద. మాంసం వద్దని చెప్పేటప్పుడు ‘కార్నే వద్దు’ అంటే చాలదు. అక్కడ కార్నే అనగానే ఎక్కువమందికి ఎర్ర మాంసమే గుర్తొస్తుంది, కోడి వచ్చేస్తుంది. పోయో అంటే కోడి, పెస్కాదో అంటే చేప, ఇవి కూడా వద్దని విడిగా చెప్పాలి. కినోవా సూప్ అడిగినా దేంతో మరిగించారో కనుక్కోవాలి. దారిలో ఒరొపేసా అనే ఊళ్లో చూతా అనే పెద్ద గుండ్రటి రొట్టె కాలుస్తారు. పళ్లెంలో రకరకాల రంగుల ఆలుగడ్డలు వస్తాయి. ఆలుగడ్డ పుట్టిల్లు ఈ కొండలే. అనంతపురం చేలల్లో పండే వేరుశనగ పుట్టిల్లు కూడా దక్షిణ అమెరికాయే. దాని పూర్వికులు ఆండీస్ తూర్పు పాదాల ప్రాంతం నుంచి బయలుదేరి సముద్రాలు దాటి రాయలసీమకి చేరారు. ఆ సంగతి తెలిసి తింటే ఆ బల్ల దగ్గర తెలుగువాడు పూర్తిగా పరాయివాడేమీ కాదు.

భోజనమయ్యాక ఆందావైలీయాస్. ఈ రోజులో అన్నింటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే.

ఊరి చౌకులో బాడిద చెట్టు జాతికి చెందిన ముసలి పిసోనాయ్ చెట్లు ఉన్నాయి. వాటి వెనక సున్నం కొట్టిన మట్టి ఇటుకల చర్చి, సాదాసీదాగా. పేరు సాన్ పెద్రో అపోస్తోల్. లోపలికి అడుగుపెట్టగానే కళ్లు చెదురుతాయి. గోడల నిండా బొమ్మలు, పైకప్పు అంతా పూల నగిషీలు, ఎదురుగా బంగారు పూత పీఠం. ‘ఆండీస్ సిస్టీన్ చాపెల్’ అని ప్రచారపత్రాల్లో రాసేది దీని గురించే. ఆ పొగడ్త చర్చికి పెద్దగా మేలు చేయదు. రోమ్‌తో పోల్చి చూసేవాళ్లకి ఇక్కడ మాత్రమే ఉన్నది కనపడకుండా పోతుంది.

ఇక్కడ కూడా అదే ప్రశ్న: ఎవరి కోసం, ఎలా పనిచేసింది? జవాబు కొంచెం వెనక్కి వెళ్తే దొరుకుతుంది. 1533 నవంబరులో స్పెయిన్ సేనాని పిసారో బలగం కుస్కోలో అడుగుపెట్టింది. 1570లలో వైస్రాయ్ ఫ్రాన్సిస్కో దె తొలేదో, కొండల్లో చెదురుమదురుగా ఉండే కుటుంబాల్ని లేవదీసి, నిటారు వీధులూ నడిమధ్యన చర్చీ ఉండే కొత్త ఊళ్లలోకి చేర్చాడు. పన్ను వసూలుకీ గనుల్లో వెట్టికీ మతబోధకీ ఆ ఏర్పాటు వీలుగా ఉండేది. 1582, 83లలో లిమాలో కూడిన మత మహాసభ స్థానిక భాషల్లోనే బోధించాలని తీర్మానించింది. ఆ తీర్మానం మేరకు స్పానిష్, కెచువా, ఐమారా భాషల్లో వచ్చిన మతబోధ పుస్తకం 1584లో లిమాలో అచ్చయింది. దక్షిణ అమెరికాలో అచ్చయిన మొదటి పుస్తకం అదే.

ఆందావైలీయాస్ చర్చి ఈ పరిస్థితుల మధ్య, 17వ శతాబ్దం మొదట్లో రూపు దిద్దుకుంది. ఇక్కడి మతగురువు హువాన్ పెరెస్ బొకానెగ్రా కెచువా బాగా తెలిసినవాడు. ఆయన 1631లో అచ్చువేసిన పుస్తకంలో కెచువాలో నాలుగు గొంతుల కోసం కూర్చిన ఒక మరియమాత కీర్తన ఉంది. దాని పేరు ‘హనక్ పచప్ కుసికుయ్నిన్’. అమెరికా ఖండాల్లో అచ్చయిన మొదటి బహుస్వర గానం అదే. ప్రయాణానికి ముందురోజు రాత్రి హోటల్ గదిలో ఫోను మీద ఆ పాట విని రావడం మంచి సన్నాహం. విన్న చెవులతో చర్చిలో నిలబడితే, పక్కనున్న పాత ఆర్గన్లు, ఆ ఎత్తైన మట్టిగోడలు ఇంకోలా కనిపిస్తాయి.

జ్ఞానస్నానపు గది ద్వారం మీద బాప్తిస్మం ఇచ్చేటప్పుడు పలికే మాట అయిదు భాషల్లో రాసి ఉంది: లాటిన్, స్పానిష్, కెచువా, ఐమారా, పుకీనా. చాలా బృందాలు దీని ముందు నుంచి ఆగకుండా వెళ్లిపోతాయి. రోజు మొత్తంలో ఒక్క చోటే నిలబడే వ్యవధి ఉంటే ఇక్కడ నిలబడాలి. ఆ కాలంలో ఈ కొండల్లో ఎన్ని భాషల మనుషులు ఉండేవారో, ఆ మతగురువు ఎంతమందిని చేరాలనుకున్నాడో ఆ ఒక్క ద్వారం చెబుతుంది. పుకీనా భాష ఈనాడు మాట్లాడేవాళ్లు లేరు. దానిలోని కొన్ని మాటలు బొలీవియాలోని కయావాయ వైద్యుల నోళ్లలో మాత్రం మిగిలాయి. కెచువా బతికే ఉంది. 1975లో పెరూ దాన్ని అధికార భాషగా ప్రకటించింది. 2017 జనగణనలో దాదాపు 37 లక్షల మంది దాన్ని మాతృభాషగా చెప్పుకున్నారు. బయట చౌకులో రొట్టెలు అమ్ముకునే అమ్మ పక్కామెతో మాట్లాడేది ఆ భాషే కావచ్చు. ఒక నిమిషం ఆగి వినాలి.

తర్వాత వెనక్కి తిరగాలి. లోపలికి వచ్చినవాళ్లంతా బంగారు పీఠం వైపే చూస్తారు కాబట్టి ప్రవేశద్వారం ఉన్న గోడ లోపలివైపు చూడకుండానే వెళ్లిపోతారు. లిమాలో పుట్టిన లూయిస్ దె రియాన్యో గీసిన చిత్రం అక్కడ ఉంది. ద్వారానికి ఒక పక్క పూలు పరిచిన విశాలమైన బాట, దాని చివర మంటల్లో నరకం. ఇంకో పక్క ముళ్లతో నిండిన ఇరుకు బాట, దాని చివర స్వర్గపురి. యూరప్‌లో వీరిక్స్ అనే కళాకారుడు చెక్కిన ముద్రణ చిత్రం దీనికి ఆధారం. పూజ అయ్యాక ఇంటికి వెళ్లే ప్రతి మనిషీ ఈ బొమ్మ కిందుగా బయటికి నడవాల్సిందే. చదవడం రానివాళ్లకి అదే ఆఖరి పాఠం. కెచువాలో ప్రసంగం వినిపించి, పాట పాడించి, చివరికి ఈ బొమ్మ చూపించి పంపడం, అంతా ఒక పద్ధతిగా అల్లిన బోధన. ఆ చర్చి పనిచేసిన తీరు ఇది.

అందం దగ్గర ఆగిపోయి ‘అబ్బ’ అనుకోవడం తేలిక. దాని వెనకున్న బలవంతాన్ని తలుచుకుని, పాత దేవతల్ని పెరికేసిన చరిత్రని గుర్తుచేసుకుని ముఖం తిప్పుకోవడమూ తేలికే. ఈ గోడల్ని మట్టి పిసికి కట్టినవాళ్లూ, పైకప్పు కింద నిలబడి ఆ కీర్తన పాడినవాళ్లూ ఈ లోయ జనమే. వాళ్లని ఊళ్ల నుంచి లేవదీసిందీ నిజం, వాళ్ల చేతుల్లో ఇంత అందం పుట్టిందీ నిజం. రెండింటినీ ఒకే చూపులో నిలుపుకోగలగడం అభ్యాసం మీద వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లని, పనిచేసిన సంస్థల్ని, సొంత ఊరి చరిత్రని అర్థం చేసుకోవడానికి కూడా ఆ చూపే కావాలి. మంచి చెడులు వేరువేరు గదుల్లో ఉండవని ఆందావైలీయాస్ కంటే స్పష్టంగా చెప్పే చోట్లు తక్కువ.

చర్చి లోపల ఫోటోలు తీయనివ్వరు. దాన్ని ఇబ్బందిగా కాక వరంగా తీసుకోవాలి. ఫోను సంచిలో పెట్టి, ఒక బల్ల మీద కూర్చుని, ఒక గోడను ఎంచుకుని నెమ్మదిగా చూడాలి. బయటికొచ్చి బస్సు ఎక్కాక గుర్తున్న మూడు విషయాల్ని నోటు పుస్తకంలో రాసుకోవాలి. చూసింది కాక గుర్తున్నది రాయడం ముఖ్యం. ఏది గుర్తుందో, ఏది జారిపోయిందో చూసుకుంటే తన ధ్యాస ఎటు పోతుందో ఎవరికి వాళ్లకే తెలుస్తుంది. ఇవి ఇప్పటికీ పూజలు జరిగే చర్చిలు, టోపీ తీసి, గొంతు తగ్గించి వెళ్లాలి.

కుస్కో తిరిగొచ్చాక మర్నాడు ఇదే చూపును పరీక్షించుకోవడానికి ఒక చోటు ఉంది. ఇన్కాల సూర్యాలయం కోరికాంచా గోడల మీద స్పానిష్ వాళ్లు సాంతో దొమింగో చర్చిని కట్టారు. 1950 మే 21న వచ్చిన భూకంపంలో చర్చి బాగా దెబ్బతింది. కింద కప్పేసి ఉన్న ఇన్కా గోడలు పగుళ్లలోంచి బయటపడ్డాయి, అవి చెక్కుచెదరలేదు. లోపలికి వాలిన గోడలు, పైకి సన్నబడే ద్వారాలు, సున్నం లేకుండా అతికిన రాళ్లు కుదుపుని తట్టుకున్నాయి. ముందురోజు టిపోన్ గోడల్ని జాగ్రత్తగా చూసినవాళ్లకి ఇది ఎందుకు నిలబడిందో గైడు అక్కర్లేకుండానే అర్థమవుతుంది.

టికెట్ల విషయంలో ఒక్క మాట. టిపోన్, పికియాక్త కుస్కో ఉమ్మడి పర్యాటక టికెట్ ‘బోలెతో తురిస్తికో’ కిందికి వస్తాయి. చర్చిలకి వేరే టికెట్ కొనాలి, అదే టికెట్ మీద హువారో కూడా చూడవచ్చు. టూరు కుదుర్చుకునేటప్పుడు రెండూ ధరలో కలిసి ఉన్నాయో లేదో అడగాలి. హువారోకి తీసుకెళ్తారా అని కూడా అప్పుడే అడగాలి. ఎందుకంటే చాలా టూర్లు ఆందావైలీయాస్ నుంచే వెనుదిరుగుతాయి, హువారో అక్కడికి కొద్ది కిలోమీటర్లే. అక్కడి సాన్ హువాన్ బావుతిస్తా చర్చి గోడల నిండా తదేయో ఎస్కలాంతె అనే చిత్రకారుడు 1802లో మరణాన్ని గీశాడు. ధనికుడి ఇంటికి వచ్చిన చావు, పేదవాడి ఇంటికి వచ్చిన చావు, నరకపు కాగులు, నరికివేతకి సిద్ధమైన జీవవృక్షం. 1780, 81లలో స్పెయిన్ ఏలుబడి మీద తుపాక్ అమరు చేసిన తిరుగుబాటు ఇదే ప్రాంతాన్ని కుదిపేసింది. ఆయన్ని కుస్కో చౌకులో చంపేసిన రెండు దశాబ్దాలకు గీసిన బొమ్మలవి.

ఒక్క రోజే ఉన్నవాళ్లు పికియాక్తలో పది నిమిషాలు, భోజనంలో ఇరవై నిమిషాలు తగ్గించమని గైడుని ముందే అడిగి, ఆ అరగంటను హువారోకి ఇవ్వాలి.